లిథియం అమైడ్ క్షారాలు: ఎల్‌డీఏ, ఎల్‌హెచ్‌ఎండీఎస్, ఎల్‌టీఎంపీలలో ఏది ఎప్పుడు?

కార్బొనైల్ పక్కనున్న ప్రోటాన్‌ను తీయాల్సి వస్తే చాలామంది చేయి ఆలోచించకుండానే ఎల్‌డీఏ (లిథియం డైఐసోప్రొపైలమైడ్) వైపు వెళ్తుంది. పాఠ్యపుస్తకం అదే చెప్పింది, అంతకుముందు పనిచేసినవారి నోటుపుస్తకంలో అదే ఉంది, ఎక్కువసార్లు పని కూడా జరిగిపోతుంది. జరగనప్పుడు మాత్రం ఇంకా బలమైన క్షారం కావాలేమో అన్న అనుమానం ముందుగా వస్తుంది. దారి తప్పేది అక్కడే. ఈ కుటుంబంలో ఎంపికను బలం ఒక్కటే నిర్ణయించదు. తీసిన ప్రోటాన్ వెనక్కి రాగలదా? క్షారం ప్రోటాన్ తీయడం మాని మరో పని పెట్టుకుంటుందా? ఫ్లాస్కులో దానితో పాటు ఇంకేమున్నాయి? వీటికి జవాబు దొరికితే ఏ సీసా తీయాలో దానంతటదే తేలుతుంది.

మూడూ ఒకే అచ్చులోవి. నత్రజని మీద రెండు స్థూలమైన సమూహాలు, మూడో చోట లిథియం. ఎల్‌డీఏలో ఆ సమూహాలు రెండు ఐసోప్రొపైల్‌లు. ఎల్‌హెచ్‌ఎండీఎస్ (లిథియం హెక్సామిథైల్‌డైసిలజైడ్)లో రెండు ట్రైమిథైల్‌సిలైల్‌లు. ఎల్‌టీఎంపీ (లిథియం టెట్రామిథైల్‌పైపెరిడైడ్)లో నత్రజని ఆరు పరమాణువుల వలయంలో కూర్చుని ఉంటుంది, దానికి ఇరువైపులా నాలుగు మిథైల్‌లు కాపలా కాస్తుంటాయి. ఎన్-బ్యూటైల్ లిథియం వీటన్నిటికంటే బలమైన క్షారమే కదా, నేరుగా దాన్నే వాడవచ్చు కదా అంటే, అది ప్రోటాన్ కోసం ఆగదు, కార్బొనైల్ కర్బనం మీదే పడుతుంది. ఆ బలాన్ని అమీన్‌కు బదిలీ చేసి, చుట్టూ స్థూలమైన సమూహాలు పెట్టి, కర్బనాన్ని కాక ప్రోటాన్‌ను మాత్రమే అందుకోగలిగేలా చేయడమే ఈ క్షారాల వెనకున్న ఆలోచన. ఎల్‌డీఏను హామెల్, లెవీన్ 1950లోనే ప్రచురించారు. అయితే అది ప్రయోగశాలల్లో రోజువారీ వస్తువు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1967లో క్రీగర్ కార్బాక్సిలిక్ ఆమ్లాల డైఅయాన్‌లను (రెండు ప్రోటాన్‌లు పోయిన అయాన్‌లను) దానితో చేసి చూపడం ఆ దారిలో ఒక పెద్ద అడుగు.

బలం: పట్టికలోని అంకెలు, ఫ్లాస్కులోని పరిస్థితి

క్షారం బలాన్ని, అది ప్రోటాన్ పట్టుకున్నాక మారే అమీన్ పీకేఏతో కొలుస్తారు; ఆ అంకె ఎంత పెద్దదైతే క్షారం అంత బలమైనది. ఎల్‌డీఏ నుంచి వచ్చే డైఐసోప్రొపైలమీన్ పీకేఏ టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ ద్రావణి)లో సుమారు 36. టెట్రామిథైల్‌పైపెరిడీన్‌ది దానికంటే ఒక మెట్టు పైన, 37 దగ్గర. హెక్సామిథైల్‌డైసిలజేన్‌ది మాత్రం 30 దగ్గరే ఆగిపోతుంది. నత్రజని మీది రుణావేశాన్ని ఇరువైపులా ఉన్న సిలికాన్‌లు కొంత పంచుకోవడమే దీనికి కారణం. ఆరు యూనిట్ల తేడా అంటే సమతాస్థితి స్థిరాంకంలో పది లక్షల రెట్ల తేడా. ఎల్‌డీఏ, ఎల్‌టీఎంపీల మధ్య బలంలో పెద్ద తేడా లేదు. అసలు అగాధం ఈ రెండింటికీ ఎల్‌హెచ్‌ఎండీఎస్‌కూ మధ్య ఉంది.

ఇటువైపు ఆమ్లాల అంకెలు చూద్దాం. డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ ద్రావణి)లో కొలిచినవి: డైఇథైల్ మాలొనేట్ 16, అసిటోఫినోన్ 25కు కాస్త తక్కువ, అసిటోన్ 26.5, ఇథైల్ అసిటేట్ 30 చుట్టుపక్కల, అసిటోనైట్రైల్ 31, డైమిథైల్ అసిటమైడ్ 35 దగ్గర. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హెక్సామిథైల్‌డైసిలజేన్ పీకేఏ డీఎంఎస్ఓలో 26 దగ్గరే. ఆ అంకెను అసిటోన్ 26.5తో పోల్చి, ఎల్‌హెచ్‌ఎండీఎస్ కీటోన్‌ను సగం కూడా ఎనోలేట్ (కార్బొనైల్ పక్క ప్రోటాన్ పోయాక మిగిలే రుణ అయాన్) చేయలేదని తేల్చేసేవారున్నారు. టీహెచ్ఎఫ్‌లో జరిగేది వేరు. లిథియం ఎనోలేట్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఆ ఎనోలేట్‌లు ఒకదానితో ఒకటి గుంపు కడతాయి, దాంతో సమతాస్థితి కుడివైపు బాగా ఒరుగుతుంది. మామూలు కీటోన్‌లకు ఎల్‌హెచ్‌ఎండీఎస్ నిస్సందేహంగా సరిపోతుంది. ఒక ద్రావణిలో కొలిచిన అంకెలోంచి మరో ద్రావణిలో కొలిచిన అంకెను తీసివేసి తేల్చిన లెక్కను నమ్మకండి.

దీన్ని ఎంపికగా మార్చుకుంటే ఇలా ఉంటుంది. మాలొనేట్‌లు, బీటా-కీటోఎస్టర్‌ల వంటి వాటికి ఈ క్షారాలేవీ అక్కర్లేదు, సోడియం ఇథాక్సైడో సోడియం హైడ్రైడో చాలు. బీటా-కీటోఎస్టర్‌లో రెండో ప్రోటాన్‌ను కూడా తీసి డైఅయాన్ చేయాల్సి వచ్చినప్పుడు ఎల్‌డీఏ రంగంలోకి వస్తుంది. కీటోన్‌లకు, టెర్మినల్ ఆల్కైన్‌లకు ఎల్‌హెచ్‌ఎండీఎస్‌తో మొదలుపెట్టండి. ఎస్టర్‌లు, నైట్రైల్‌లు, తృతీయ అమైడ్‌లు, కార్బాక్సిలిక్ ఆమ్లాల డైఅయాన్‌లు ఎల్‌డీఏ పని.

ఎస్టర్‌ల విషయంలో ఈ గీత కాస్త చెరిగినట్టు ఉంటుంది, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. 1970లో రాత్కె ఇథైల్ అసిటేట్‌ను మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎల్‌హెచ్‌ఎండీఎస్‌తోనే లిథియం ఎనోలేట్‌గా మార్చి చూపాడు. అంటే పని అవుతుంది. మరుసటి ఏడాది ఎస్టర్‌ల ఆల్కైలేషన్‌కు ఆయన, లిండర్ట్ కలిసి ఎంచుకున్నది మాత్రం మరింత బలమైన లిథియం ఐసోప్రొపైల్‌సైక్లోహెక్సైలమైడ్‌ను. అసలు భయం క్లెయిసెన్ సంఘననం గురించి. ప్రోటాన్ తీయడం నెమ్మదిగా సాగితే ఫ్లాస్కులో ఎనోలేట్, ఇంకా మారని ఎస్టర్ ఒకేసారి ఉంటాయి. అవి రెండూ కలిస్తే మీకు అక్కర్లేని బీటా-కీటోఎస్టర్ చేతికొస్తుంది. ఎల్‌డీఏ ఆ అతివ్యాప్తి కాలాన్ని బాగా కుదిస్తుంది. టెర్ట్-బ్యూటైల్ ఎస్టర్ అయితే ఈ గొడవ తక్కువ, ఆ స్థూలమైన సమూహమే అడ్డుపడుతుంది.

ప్రోటాన్ వెనక్కి వస్తే: 2-మిథైల్‌సైక్లోహెక్సనోన్

ఈ కుటుంబం గురించి తెలుసుకోవాల్సినదంతా ఈ ఒక్క అణువులో ఉందని నా నమ్మకం. కార్బొనైల్‌కు ఒకవైపు మిథైల్ ఉన్న కర్బనం, దాని మీద ఒకే ప్రోటాన్. మరోవైపు ఖాళీ కర్బనం, దాని మీద రెండు. ఖాళీ వైపు ప్రోటాన్‌ను తీయడం తేలిక, అలా వచ్చేది గతిక ఎనోలేట్. మిథైల్ వైపు ద్విబంధం ఎక్కువ స్థిరమైనది, అది ఉష్ణగతిక ఎనోలేట్. టీహెచ్ఎఫ్ లేదా డైమిథాక్సీఈథేన్‌లో, చల్లని ఎల్‌డీఏలోకి కీటోన్‌ను చుక్క చుక్కగా వేస్తే గతిక ఎనోలేట్ దాదాపు 99 పాళ్లు, ఉష్ణగతికది ఒక పాలు వస్తాయి.

ఇదే ప్రయోగాన్ని తిరగేయండి. కీటోన్ ముందు ఫ్లాస్కులో ఉండగా ఎల్‌డీఏను అందులోకి వేయండి. చర్య జరిగినంతసేపూ ఎనోలేట్ పక్కన మారని కీటోన్ ఉంటుంది. కీటోన్ తన ప్రోటాన్‌ను ఎనోలేట్‌కు ఇస్తుంది, ఎనోలేట్ మళ్లీ కీటోన్ అవుతుంది, ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో మిశ్రమం మెల్లగా స్థిరమైన ఎనోలేట్ వైపు జారుతుంది. క్షారం అదే, ద్రావణి అదే, ఉష్ణోగ్రత అదే. మారింది వేసిన వరస మాత్రమే. గతిక ఎనోలేట్ కావాలంటే క్షారం ఎప్పుడూ కాస్త మిగులుగా ఉండాలి, కీటోన్ దానిలోకి వెళ్లాలి. ఉష్ణగతికది కావాలంటే కీటోన్‌ను కొద్దిగా మిగులుగా ఉంచి వేడెక్కనివ్వాలి. అయినా సరే, అందుకోసం ఈ మూడు క్షారాలలో దేన్నీ నేను సిఫారసు చేయను. ట్రైఇథైలమీన్, ట్రైమిథైల్‌సిలైల్ క్లోరైడ్ కలిపి డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్ ద్రావణి)లో వేడి చేసి సిలైల్ ఎనోల్ ఈథర్‌గా పట్టుకోవడం మేలైన మార్గం.

ప్రోటాన్ వెనక్కి రావడానికి ఇంకో దారి ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఎల్‌డీఏ పని ముగించాక డైఐసోప్రొపైలమీన్ ఎక్కడికీ పోదు, ఎనోలేట్‌కు తగులుకుని అక్కడే ఉంటుంది. ఎనోలేట్ పూర్తిగా ఏర్పడిందా అని భార జలం వేసి పరీక్షిస్తే డ్యుటీరియం ఉండాల్సినంత కనిపించకపోవచ్చు. ఎనోలేట్ ఏర్పడలేదనుకుని మరింత క్షారం వేయడం సహజమైన స్పందన, కానీ తప్పు స్పందన. ఎనోలేట్ ఏర్పడింది. భార జలం తాకిన క్షణంలో పక్కనే ఉన్న అమీన్ తన ప్రోటాన్‌ను ముందుగా అందించింది. మరో తుల్య పరిమాణం ఎన్-బ్యూటైల్ లిథియం వేసి అమీన్‌ను మళ్లీ అమైడ్‌గా మార్చాక పరీక్షిస్తే నిజం బయటపడుతుంది. హెక్సామిథైల్‌డైసిలజేన్ లిథియంను పట్టుకోవడంలో చాలా బలహీనం కాబట్టి ఈ ఇబ్బంది దానితో తక్కువ.

ఈ-ఎనోలేట్‌నా, జెడ్-ఎనోలేట్‌నా

ఆల్డాల్ చర్యకు (ఎనోలేట్‌ను మరో కార్బొనైల్‌కు జోడించే చర్యకు) వెళ్లేవారు ఈ భాగం దాటవేయకూడదు. ఎనోలేట్ ద్విబంధం చుట్టూ సమూహాలు అమరే రెండు తీరులకు ఈ (E), జెడ్ (Z) అని పేర్లు. 3-పెంటనోన్‌ను తీసుకోండి. టీహెచ్ఎఫ్‌లో, మైనస్ 78 వద్ద ఎల్‌డీఏ ఇచ్చేది ఎక్కువగా ఈ-ఎనోలేట్, సుమారు ముప్పాతిక వంతు. ఎల్‌టీఎంపీతో ఆ వాటా ఇంకా పెరుగుతుంది. ఎల్‌హెచ్‌ఎండీఎస్‌తో తలకిందులై జెడ్ పైచేయి అవుతుంది. జెడ్-ఎనోలేట్ సాధారణంగా సిన్ ఆల్డాల్‌ను (సమూహాలు ఒకే వైపు ఉండేదాన్ని) ఇస్తుంది, ఈ-ఎనోలేట్ యాంటీ (ఎదురెదురు వైపుల) అమరిక వైపు మొగ్గుతుంది గానీ అంత కచ్చితంగా కాదు. అంటే క్షారాన్ని ఎంచుకున్నప్పుడే రెండు అడుగుల తర్వాత రాబోయే క్రియాజన్యం ఆకారాన్ని సగం నిర్ణయించేశారన్నమాట.

ఎల్‌డీఏ, ఎల్‌టీఎంపీలకు ఐర్లాండ్ ప్రతిపాదించిన ఆరు పరమాణువుల కుర్చీ నమూనా బాగా సరిపోతుంది. లిథియం కార్బొనైల్ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, నత్రజని ప్రోటాన్‌ను అందుకుంటుంది. ఆ కుర్చీలో కీటోన్ మిథైల్‌కూ నత్రజని మీది సమూహానికీ ఒరిపిడి తగ్గాలంటే ఈ-ఎనోలేట్ దారే సుఖం. హెచ్ఎంపీఏ (హెక్సామిథైల్‌ఫాస్ఫరమైడ్) అనే ద్రావణి కలిపితే అది లిథియంను తనవైపు లాక్కుంటుంది, కుర్చీ సడలిపోతుంది, నిష్పత్తి జెడ్ వైపు తిరుగుతుంది. ఐర్లాండ్–క్లెయిసెన్ పునర్విన్యాసంలో ఒకే ఎస్టర్ నుంచి రెండు వేర్వేరు డయాస్టీరియోమర్‌లను రాబట్టే కిటుకు ఇదే, ఒకసారి వట్టి టీహెచ్ఎఫ్, మరోసారి హెచ్ఎంపీఏ కలిపిన టీహెచ్ఎఫ్. హెచ్ఎంపీఏ క్యాన్సర్ కారకమన్న అనుమానం బలంగా ఉంది. దాని బదులు డీఎంపీయూ అనే వలయ యూరియా ద్రావణిని వాడవచ్చని సీబాక్ 1982లో చూపాడు కాబట్టి ముందు దానితో ప్రయత్నించండి. ఎల్‌హెచ్‌ఎండీఎస్‌కు సంబంధించి ఒక విచిత్రం కూడా చెప్పాలి. టొలీన్‌లో ట్రైఇథైలమీన్‌తో కలిపి వాడితే అదే క్షారం ఈ-ఎనోలేట్ వైపు తిరుగుతుంది. క్షారం పేరు మాత్రమే రాసి ద్రావణి రాయని విధానాన్ని అందుకే నమ్మలేం.

క్షారం వేరే పని పెట్టుకున్నప్పుడు

ఎల్‌డీఏ ఐసోప్రొపైల్ సమూహాలలో, నత్రజని పక్క కర్బనం మీద ఒక్కో హైడ్రోజన్ ఉంది. తీయడానికి ఆల్ఫా ప్రోటాన్ లేని కీటోన్ ఎదురైతే ఎల్‌డీఏ ఆ హైడ్రోజన్‌ను హైడ్రైడ్‌గా అందించి కీటోన్‌ను ఆల్కహాల్‌గా క్షయకరణం చేయగలదు. బెంజోఫినోన్ దీనికి పాత ఉదాహరణ. క్రియాజన్యంలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆల్కహాల్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎల్‌టీఎంపీలో నత్రజనికి ఇరువైపులా ఉన్న కర్బనాలకు హైడ్రోజనే లేదు, ఎల్‌హెచ్‌ఎండీఎస్‌లో అక్కడ ఉన్నది సిలికాన్. రెండూ ఈ విషయంలో నిర్దోషులు.

ఎల్‌హెచ్‌ఎండీఎస్‌కు వేరే బలహీనత ఉంది. ఆల్ఫా ప్రోటాన్ లేని ఆల్డిహైడ్‌కు అది న్యూక్లియోఫైల్‌గా (ప్రోటాన్‌ను వదిలి కర్బనం మీద దాడి చేసేదిగా) జోడై ఎన్-సిలైల్ ఇమీన్‌ను ఇస్తుంది. ఇమీన్ కావాలనుకునేవారికి ఇదే వరం. అనుకోకుండా జరిగితే దిగుబడిలో కన్నం.

ఆరోమాటిక్ వలయాల మీద ప్రోటాన్ తీయడం, అంటే ఆర్థోలిథియేషన్, పిరిడీన్ వంటి వలయాల లిథియేషన్, ఎల్‌టీఎంపీ సొంత రాజ్యం. ఎల్‌హెచ్‌ఎండీఎస్‌కు ఇక్కడ చాలాసార్లు బలం చాలదు. ఎన్-బ్యూటైల్ లిథియం పిరిడీన్ వలయానికే జోడైపోతుంది. ఎల్‌టీఎంపీకి ఉన్న మరో గుణం, మైనస్ 78 వద్ద ట్రైమిథైల్‌సిలైల్ క్లోరైడ్‌తో ఒకే ఫ్లాస్కులో కాసేపు సహజీవనం చేయగలగడం. కాబట్టి లిథియో సమ్మేళనం ఏర్పడీ ఏర్పడగానే పట్టుకోవచ్చు, నిలవలేనిదైనా ఫర్వాలేదు. స్థూలమైన లిథియం అమైడ్‌లతో కీటోన్‌ల నుంచి సిలైల్ ఎనోల్ ఈథర్‌లను ఇలాగే ఒకే ఫ్లాస్కులో చేయవచ్చని కోరీ, గ్రాస్ 1984లో చూపారు. అయితే ఎస్టర్, సయనో వంటి సున్నితమైన సమూహాలు వలయం మీద ఉంటే నేను లిథియం దగ్గరే ఆగను. క్నోషెల్ బృందం 2006లో ప్రచురించిన టీఎంపీ–మెగ్నీషియం క్లోరైడ్–లిథియం క్లోరైడ్ సంకీర్ణం సున్నా నుంచి గది ఉష్ణోగ్రత మధ్యే పనిచేస్తుంది, చాలా సమూహాలను ముట్టదు.

లిథియం అమైడ్ అనగానే వట్టి అమోనియా నుంచి వచ్చే దాన్ని కొనుక్కొచ్చేవారు అప్పుడప్పుడు తారసపడతారు. అది ఈథర్‌లలో దాదాపు కరగదు, పైగా నత్రజని చుట్టూ అడ్డేమీ లేదు కాబట్టి కార్బొనైల్ మీదే దాడి చేయగలదు. ఎనోలేట్‌ల కోసం దాన్ని మరచిపోండి.

సీసాలోదా, అప్పటికప్పుడు చేసుకున్నదా

ఎల్‌హెచ్‌ఎండీఎస్ ఈ పరీక్షలో సులువుగా గెలుస్తుంది. ఘనపదార్థంగా దొరుకుతుంది, టీహెచ్ఎఫ్‌లో ఒక మోలార్ ద్రావణంగా దొరుకుతుంది, జాగ్రత్తగా మూసి ఉంచితే నమ్మదగ్గంత కాలం నిలుస్తుంది. ఘనరూపంలో అది మూడు యూనిట్లు చేతులు కలిపిన వలయం, టీహెచ్ఎఫ్‌లో డైమర్, మోనోమర్‌లుగా విడిపోయి ఉంటుంది.

ఎల్‌డీఏను మాత్రం అప్పటికప్పుడు చేసుకోవడమే నా సలహా. అమ్మే రెండు మోలార్ ద్రావణంలో టీహెచ్ఎఫ్, హెప్టేన్, ఇథైల్‌బెంజీన్ కలిసి ఉంటాయి, నిలవ కోసం కొన్నిటిలో మెగ్నీషియం అమైడ్ కూడా కలుపుతారు. పెద్ద ఎత్తున మామూలు ఆల్కైలేషన్ చేసేవారికి అది చాలు. సెలెక్టివిటీ మీద ఆధారపడిన పనికి చాలదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొలమ్ బృందం చూపినట్టు, ఒక మోల్ శాతం కంటే తక్కువ లిథియం క్లోరైడ్ ఉన్నా కొన్ని ఆర్థోలిథియేషన్‌ల వేగం మైనస్ 78 వద్ద గణనీయంగా పెరుగుతుంది. రెండు చోట్ల ఒకే విధానం వేర్వేరు ఫలితం ఇస్తే దోషం చేసినవారిది కాక సీసాలోని ఉప్పుది కావచ్చు.

చేసుకోవడం కష్టమేమీ కాదు. పది మిల్లీమోళ్ల కీటోన్ ఉందనుకోండి. కాల్షియం హైడ్రైడ్ మీద స్వేదనం చేసిన డైఐసోప్రొపైలమీన్ 11 మిల్లీమోళ్లు, అంటే 1.55 మిల్లీలీటర్లు, పొడి టీహెచ్ఎఫ్‌లో తీసుకుని ఆర్గాన్ కింద చల్లబరచండి. సున్నా డిగ్రీల వద్ద 2.5 మోలార్ ఎన్-బ్యూటైల్ లిథియం 4.2 మిల్లీలీటర్లు నెమ్మదిగా వేయండి, వేడి పుడుతుంది కాబట్టి తొందర వద్దు. పావుగంట నుంచి అరగంట కలిపి, మైనస్ 78కి దించి, కీటోన్‌ను టీహెచ్ఎఫ్‌లో కలిపి చుక్కలుగా వేయండి. అమీన్ కొంచెం ఎక్కువగా ఉండటం కావాలని చేసిందే. ఎన్-బ్యూటైల్ లిథియం మిగిలిపోతే అది కార్బొనైల్‌కు జోడై అంతా పాడుచేస్తుంది, అమీన్ మిగిలితే పెద్ద నష్టం లేదు. చేసిన ఎల్‌డీఏను వేడెక్కనివ్వకండి, టీహెచ్ఎఫ్‌నే మెల్లగా తినేస్తుంది. ఆ రోజు చేసింది ఆ రోజే వాడండి.

ఇక ఎన్-బ్యూటైల్ లిథియం సీసా మీద రాసిన సాంద్రతను మాత్రం ఎన్నడూ నమ్మకండి. డైఫినైల్‌అసిటిక్ ఆమ్లాన్ని తూచి టీహెచ్ఎఫ్‌లో కరిగించి, అందులోకి బ్యూటైల్ లిథియం ద్రావణాన్ని చుక్కలుగా వేస్తూ పోతే, ఆమ్లపు ప్రోటాన్ అయిపోయిన మరుక్షణం రెండో ప్రోటాన్ కదిలి పసుపు రంగు నిలుస్తుంది. వేరే సూచిక అక్కర్లేదు. ఎల్‌డీఏను కూడా ఇలాగే కొలవవచ్చు.

లిథియం బదులు సోడియం, పొటాషియం. ఇంకా కైరల్ అమైడ్‌లు

ఎల్‌హెచ్‌ఎండీఎస్ వంటి సిలజైడ్‌లలో లోహాన్ని మార్చుకునే వెసులుబాటు ఉంది. లిథియం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, పొటాషియం వదులుగా. కుర్చీ లాంటి బిగుతైన సంక్రమణ స్థితి కావాలంటే లిథియం, చురుకైన విడి ఎనోలేట్ కావాలంటే పొటాషియం, మధ్యలో సోడియం. స్టిల్–జెనారీ చర్యలో జెడ్-ఆల్కీన్ కోసం పొటాషియం సిలజైడ్‌కు 18-క్రౌన్-6 (పొటాషియంను చుట్టి పట్టుకునే వలయ ఈథర్) జోడించడం ఈ వదులుతనాన్ని చివరిదాకా తీసుకెళ్లడమే. లిథియం లవణాలు లేని విట్టిగ్ చర్యకు కూడా సోడియం, పొటాషియం సిలజైడ్‌లే మేలు.

సౌష్ఠవం ఉన్న కీటోన్‌లో రెండు సమానమైన ప్రోటాన్‌లలో ఒకదాన్నే ఎంచుకోవాలంటే మూడు మామూలు క్షారాలూ పనికిరావు. కోగా, సింప్‌కిన్స్ అభివృద్ధి చేసిన కైరల్ (కుడి, ఎడమ చేతుల్లా ఒక్క చేతివాటమే ఉన్న) లిథియం అమైడ్‌లు అక్కడ అవసరం. ఆల్ఫా-బీటా అసంతృప్త ఎస్టర్‌కు అమైడ్‌నే జోడించి బీటా-అమినో ఆమ్లం చేయాలనుకుంటే డేవిస్ రూపొందించిన బెంజైల్, ఆల్ఫా-మిథైల్‌బెంజైల్ అమైడ్ ఉంది. ఇక్కడ అది క్షారంగా కాక న్యూక్లియోఫైల్‌గా పనిచేస్తుంది కాబట్టి ఎల్‌డీఏతో పోల్చడం సరికాదు.

పని ముగిశాక

డైఐసోప్రొపైలమీన్ 84 డిగ్రీల వద్ద మరుగుతుంది, తేలిగ్గా వెళ్లిపోతుంది. హెక్సామిథైల్‌డైసిలజేన్ 126 వద్ద మరుగుతుంది, సజల ఆమ్లంతో కడిగితే అమోనియా, సిలోక్సేన్‌లుగా విడిపోతుంది. ఆ సిలోక్సేన్ ఎన్ఎంఆర్‌లో సున్నా పక్కనే చిన్న శిఖరంగా కనిపిస్తే కంగారుపడవద్దు. టెట్రామిథైల్‌పైపెరిడీన్ మరిగేది 152 వద్ద. పంపుకు పెట్టి తీసేయొచ్చనుకుని వదిలేస్తే క్రియాజన్యంతో పాటే మిగిలిపోతుంది. సజల ఆమ్లంతో కడిగి లవణంగా నీటి పొరలోకి దించడమే సరైన పద్ధతి. మూడింటిలో ఖరీదైన అమీన్ అదే కాబట్టి ఆ నీటి పొరను పారబోయకండి. క్షారం వేసి వెనక్కి తెచ్చుకుని, స్వేదనం చేసి, మళ్లీ వాడవచ్చు.